ముందుగా ఏది అయిపోతుంది? చివరికి ఏది మిగులుతుంది?

పొన్నూరు నుంచి బాపట్ల వైపు వెళ్తుంటే వరిచేల మధ్య అక్కడక్కడా ఆకుతోటలు తగులుతాయి. అవిసె చెట్లు వరసల్లో గుబురుగా నిలబడి ఉంటాయి. వాటిని పట్టుకుని తమలపాకు తీగ పైకి పాకుతుంది. లోపలికి అడుగుపెడితే నీడ, చెమ్మ. తీగకు కావలసింది అదే, తీగను చంపే తెగులుకు కావలసిందీ అదే. వానలు పట్టుకున్నాయంటే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి తీగ మొదట్లో చేరుతుంది. మొదలు కుళ్ళి, నిన్నటిదాకా పచ్చగా ఉన్న తీగ నిలువునా వాడిపోతుంది. దీన్ని ఆపడానికి తరతరాలుగా వాడుతున్న మందు బోర్డో మిశ్రమం. మైలుతుత్తం (అంటే కాపర్ సల్ఫేటు), సున్నం, నీళ్ళు. మూడే సరుకులు.

తయారీలో చిన్న పద్ధతి ఉంది. కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలో కరిగిస్తారు. కిలో సున్నాన్ని ఇంకో 50 లీటర్లలో కలిపి పాలలాగా చేస్తారు. తర్వాత మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి కలియబెడుతూ పోస్తారు. పాత్ర ప్లాస్టిక్‌దో మట్టిదో అయి ఉండాలి, ఇనప బకెట్టు పనికిరాదు. రెండూ కలిసేసరికి చిక్కటి ఆకాశనీలం రంగు మడ్డి ఏర్పడుతుంది. ఆ మడ్డే మందు.

ఇప్పుడు అసలు సంగతి. మందు వాడే ముందు, శుభ్రంగా తోమిన కొడవలి మొనను అందులో ఓ నిమిషం ముంచి తీయాలి. మొన తెల్లగా మెరుస్తూనే ఉంటే మందు సిద్ధం. ఎర్రటి పూత పట్టిందంటే ఇంకా సున్నం పోయాలి. ఎర్రటి పూత రాగి. నీటిలో ఇంకా రాగి అయానులు స్వేచ్ఛగా తిరుగుతుంటే, ఇనుము కరిగి వాటికి చోటిస్తుంది, రాగి దాని మీద పేరుతుంది. ఇనప బకెట్టు వద్దనేది కూడా ఇందుకే. సున్నం అయిపోయింది, మైలుతుత్తం మిగిలిపోయింది అని కొడవలి చెబుతోందన్న మాట. ఇంటర్ మొదటి సంవత్సరంలో లిమిటింగ్ రీఏజెంట్ అనే పేరుతో పిల్లలను హడలెత్తించే పాఠం సారాంశం ఇదే. చర్యలో పాల్గొనే పదార్థాల్లో ఒకటి ముందుగా అయిపోతుంది. అది అయిపోయిన క్షణాన చర్య ఆగిపోతుంది. ఎంత సరుకు తయారవుతుందో నిర్ణయించేది ఆ అయిపోయే పదార్థమే. దాన్ని పరిమిత కారకం అందాం.

మరి ఏది ముందు అయిపోతుందో మందు కలపకముందే తెలుసుకోవడం ఎలా? కిలోకి కిలో వేశాం కదా, రెండూ ఒకేసారి అయిపోవాలి కదా అనిపిస్తుంది. ఈ పాఠంలో పిల్లలు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

పెళ్ళిలో తాంబూలాలు సర్దుతున్నాం అనుకోండి. ఒక్కో తాంబూలంలో రెండు ఆకులు, రెండు అరటిపళ్ళు, ఒక వక్క. మన దగ్గర 500 ఆకులు, 400 పళ్ళు, 180 వక్కలు ఉన్నాయి. ఆకులు 250 తాంబూలాలకు వస్తాయి. పళ్ళు 200 తాంబూలాలకు వస్తాయి. వక్కలు 180కే. కాబట్టి 180 తాంబూలాలు పూర్తయ్యాక పని ఆగుతుంది. 140 ఆకులు, 40 పళ్ళు మిగులుతాయి. ఈ లెక్కలో ఎవరూ తక్కెడ తీయరు. అరటిపళ్ళ బరువు ఆకుల బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది, అయినా ఆ సంగతితో మనకు పనిలేదు. తాంబూలం సంఖ్యను బట్టి కుదురుతుంది, బరువును బట్టి కాదు.

అణువులూ సంఖ్యను బట్టే కలుస్తాయి. చిక్కేమిటంటే మనం వాటిని లెక్కపెట్టలేం, తూచగలం అంతే. తూకాన్ని సంఖ్యగా మార్చే సాధనమే మోల్. 6.022×10²³ కణాల గుంపుకు మోల్ అని పేరు. ఏ పదార్థానికైనా దాని అణుభారం ఎంతో అన్ని గ్రాములు తూస్తే ఒక మోల్ వస్తుంది. మైలుతుత్తం అణుభారం సుమారు 250. నీళ్ళు కలిపిన సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడుది 74.

కిలో మైలుతుత్తం అంటే 1000ని 250తో భాగిస్తే 4 మోల్‌లు. కిలో సున్నం అంటే 1000ని 74తో భాగిస్తే సుమారు 13.5 మోల్‌లు. రెండూ ఒకటికి ఒకటి చొప్పున కలుస్తాయి. కాపర్ సల్ఫేటు, కాల్షియం హైడ్రాక్సైడు కలిసి కాపర్ హైడ్రాక్సైడు, కాల్షియం సల్ఫేటు అవుతాయి. 4 మోల్‌ల మైలుతుత్తానికి 4 మోల్‌ల సున్నం చాలు, అంటే 296 గ్రాములు. మనం వేసింది వెయ్యి గ్రాములు. 700 గ్రాములకు పైగా సున్నం చర్యలో పాల్గొనకుండానే మిగిలిపోతుంది. కిలోకి కిలో అనేది చూడడానికి సరిసమానం, లోపల మూడు రెట్లకు మించిన తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మైలుతుత్తం నీలి స్ఫటికంలో ప్రతి కాపర్ సల్ఫేటుకూ అయిదు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. 250లో 90 వంతులు నీరే. ఆ నీటిని మరిచి 160తో భాగిస్తే 4 మోల్‌లకు బదులు 6.25 వస్తుంది, లెక్క మొత్తం తప్పుతుంది. పరీక్ష కాగితంలో అయితే పోయేవి మార్కులే, తోటలో అలా కాదు.

సున్నం ఇంత ఎక్కువ ఎందుకు వేస్తారు? 300 గ్రాములతో సరిపెట్టవచ్చు కదా? సరిపెడితే ఏది మిగలవచ్చో చూడండి. సున్నం మిగిలితే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా సుద్దగా మారుతుంది. దానివల్ల తీగకు వచ్చే చేటేమీ లేదు. రాగి మిగిలితే ఆకు మాడుతుంది. కరిగి ఉన్న రాగి తెగులునే కాదు, తీగ కణాలనూ చంపుతుంది. కాబట్టి రాగి చివరి అణువు దాకా ఖర్చయిపోవాలి, సున్నమే మిగలాలి. పరిమిత కారకం మైలుతుత్తమే అయ్యేలా ఆ పాళ్ళు కుదిర్చారు. ఏది ముందు అయిపోవాలన్నది మన చేతిలోని నిర్ణయం. మన పాఠాల్లో ఇది చాలినంతగా చెప్పడం లేదని నా అభిప్రాయం. ఎంత సరుకు వస్తుందని అడిగి వదిలేస్తున్నాం. ఏది మిగులుతుంది, ఆ మిగిలినది ఏం చేస్తుంది అనేది కూడా అదే లెక్కలోని సగం.

ఈ మందు పుట్టుక కథ కూడా సున్నం ఎక్కువవడంతోనే మొదలైంది. ఫ్రాన్సులో బోర్డో నగరం చుట్టుపక్కల ద్రాక్షతోటల వాళ్ళు, దారినపోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోకుండా రోడ్డు వారన ఉన్న తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. నీలిమచ్చలు చూసి విషమనుకుని ఎవరూ ముట్టేవారు కాదు. ఆ తీగలకు బూజు తెగులు సోకలేదని 1882లో మియార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించాడు. గేయాన్ అనే రసాయనవేత్త తోడుతో పరిశోధించి 1885లో ప్రకటించాడు. ఆయన మొదట చెప్పిన పాళ్ళు 8 కిలోల మైలుతుత్తానికి 15 కిలోల సున్నం. తర్వాత పాళ్ళు తగ్గుతూ వచ్చాయి, కానీ సున్నానిదే పైచేయిగా ఉండడం మారలేదు.

సున్నం ఎక్కువ వేయడానికి ఇంకో బలమైన కారణం సున్నం నాణ్యత. మైలుతుత్తం ఎన్నాళ్ళు దాచినా మైలుతుత్తమే. సున్నం అలా కాదు. సంచీ మూతి విప్పి పెట్టిన సున్నం నెలలు గడిచేకొద్దీ గాలి పీల్చి సుద్ద అవుతుంది. చూపుకు అదే తెల్ల పొడి, తక్కెడలో అదే కిలో. ఆ కిలోలో పదో వంతే, అంటే 100 గ్రాములే చురుకైన సున్నం మిగిలిందనుకుందాం. మోల్‌లు 1.35. మైలుతుత్తం మోల్‌లు అవే 4. ఇప్పుడు ముందుగా అయిపోయేది సున్నం! పాళ్ళు మారలేదు, తూకం మారలేదు, పరిమిత కారకం మాత్రం తారుమారైంది. 2.65 మోల్‌లు, అంటే సుమారు 660 గ్రాముల మైలుతుత్తం నీటిలోనే ఉండిపోతుంది. సంచీ లోపల ఏం జరిగిందో రైతుకు తెలియకపోవచ్చు. కొడవలి మొన ఎర్రబడి చెబుతుంది. ప్రయోగశాలలో సూచిక చేసే పని పొలంలో కొడవలి చేస్తోంది.

ఇక సైద్ధాంతిక దిగుబడి సంగతి. పరిమిత కారకం ఒక్క అణువు కూడా వృథా కాకుండా చర్యలో పాల్గొంటే రావలసిన సరుకు ఎంతో, అదే సైద్ధాంతిక దిగుబడి. మంచి సున్నంతో 4 మోల్‌ల మైలుతుత్తం నుంచి 4 మోల్‌ల కాపర్ హైడ్రాక్సైడు రావాలి. దాని అణుభారం 97.5 కనుక 390 గ్రాములు. చచ్చిన సున్నంతో అయితే 1.35 మోల్‌లే, అంటే సుమారు 132 గ్రాములు. నిజానికి ఆ నీలి మడ్డిలో సల్ఫేటుతో కూడిన క్షార లవణాలు కూడా ఉంటాయి. లెక్క తేలికగా ఉండడానికి అంతా హైడ్రాక్సైడే అనుకున్నాం.

దిగుబడి లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఆ సున్నం పుట్టే చోటే దొరుకుతుంది. ఆల్చిప్పలు, నత్తగుల్లలు బట్టీలో కాలిస్తే గుల్ల సున్నం వస్తుంది. గుల్లల్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేటు, దాని అణుభారం 100. కాలితే కార్బన్ డయాక్సైడు వెళ్ళిపోయి 56 అణుభారం ఉన్న పొడి సున్నం మిగులుతుంది. 100 కిలోల స్వచ్ఛమైన గుల్ల వేస్తే ఎంత నేర్పరి అయినా 56 కిలోలకు మించి తీయలేడు. తక్కిన 44 కిలోలు పొగతో పాటు గాలిలో కలిసిపోతాయి. దాన్ని నష్టం అనకూడదు, అది చర్య స్వభావం. 56 రావలసిన చోట 48 కిలోలే వస్తే, అప్పుడు నష్టం 8 కిలోలు. 48ని 56తో భాగించి నూటితో గుణిస్తే దిగుబడి శాతం సుమారు 86. మధ్యలో సరిగా కాలని గుల్ల, గాలికి ఎగిరిన పొడి, ఎత్తేటప్పుడు రాలింది, అన్నీ ఆ లోటులో ఉంటాయి.

మరి తక్కెడ 60 కిలోలు చూపిస్తే? శాతం 107 అవుతుంది. లేని పదార్థం ఎక్కడినుంచీ పుట్టదు కాబట్టి ఇందులో ఏదో తిరకాసు ఉంది. గుల్ల పూర్తిగా కాలకపోయి ఉండవచ్చు, లేదా కాలిన సున్నం గాలిలోని తేమ తాగి ఉండవచ్చు. పొడి సున్నం నీటిని పీల్చుకుంటే 56 వంతులు 74 వంతులు అవుతాయి. ప్రయోగశాలలో నూరు దాటిన దిగుబడిని చూసి సంతోషించే పిల్లలు ఉంటారు. వాళ్ళకు ముందుగా చెప్పవలసిన మాట: ఇంకోసారి ఆరబెట్టి తూచండి.

ఇప్పటిదాకా ఒకటికి ఒకటి కలిసే చర్యలు చూశాం. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే రొయ్యల చెరువులు. అక్కడ ఒకటికి ఆరు లెక్క నడుస్తుంది.

ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు అనుకుందాం. అందులో నీళ్ళు సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు. లీటరుకు 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే, మొత్తం చెరువులో ఆక్సిజన్ ఎంత? 29 కిలోలు. అంతటి జలరాశిలో ఉన్నది అంతే. ఇప్పుడు తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన, చచ్చిన నాచు అడుగున చేరి కుళ్ళుతున్నాయి. ఆ పదార్థాన్ని గ్లూకోజు అనుకుని లెక్క వేద్దాం. మేతలో మాంసకృత్తులు, కొవ్వులు ఉంటాయి కనుక అసలు సంఖ్య కొంత మారుతుంది, పద్ధతి మారదు. ఒక గ్లూకోజు అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడు, నీరుగా మారడానికి ఆరు ఆక్సిజన్ అణువులు కావాలి. 29 కిలోల ఆక్సిజన్ అంటే 32తో భాగిస్తే సుమారు 906 మోల్‌లు. ఆరుతో భాగించండి, 151. దాన్ని గ్లూకోజు అణుభారం 180తో గుణిస్తే సుమారు 27 కిలోలు. ఇరవై ఏడు కిలోల పదార్థం కుళ్ళితే ఎకరం చెరువులోని ఆక్సిజన్ అంతా హరించుకుపోతుంది. అంతదాకా పోనక్కర్లేదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి దిగితేనే రొయ్య తల్లడిల్లుతుంది.

ఇంకో సంగతి గమనించారా? ఇక్కడ సంఖ్యలో ఒకటికి ఆరు ఉన్నా బరువులో 180 గ్రాములకు 192 గ్రాములు, దాదాపు సమానం. మైలుతుత్తం, సున్నం సంఖ్యలో సమానమైనా బరువులో 250కి 74. తూకం చూసి సంఖ్యను ఊహించడం ఏ వైపునుంచీ పనికిరాదు.

పగలు నాచు ఎండలో ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు అందరూ పీల్చేవాళ్ళే. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది, రొయ్య పైకి తేలుతుంది. ఆ వేళకు కరెంటు పోతే జనరేటర్ కోసం రైతు పరుగెత్తేది ఇందుకే. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ యంత్రం చేసే పని పరిమిత కారకాన్ని గాలినుంచి తెచ్చి నీటికి అందించడం. ఆక్సిజన్ పరిమిత కారకంగా ఉన్న చెరువులో మేత పెంచితే రొయ్య పెరగదు. మిగిలిన మేత మరింత ఆక్సిజన్ తినేస్తుంది.

మిగిలిపోయే పదార్థం గురించి ఆలోచించవలసిన పరిశ్రమల్లో తోలు పరిశ్రమ ముఖ్యమైనది. ఆ రంగంలో దేశానికి పెద్ద దిక్కయిన శాస్త్రవేత్త తెనాలి దగ్గరి యలవర్రులో 1922 సెప్టెంబరు 10న పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు సంచాలకుడిగా, 1971 నుంచి సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. పచ్చి తోలు కుళ్ళకుండా ఉండడానికి దానిలోని కొల్లాజెన్ పోగులను ఎక్కువగా క్రోమియంతో బిగిస్తారు. తోలు అంతటికీ సమంగా, త్వరగా పట్టాలని క్రోమియం లవణాన్ని అవసరానికి మించి వేస్తారు. మామూలు పద్ధతిలో వేసినదానిలో మూడో వంతు దాకా తోలుకు పట్టకుండా నీటితో బయటికి వస్తుంది. ఆకుతోటలో మిగిలిన సున్నం సుద్ద అవుతుంది. తోళ్ళ శుద్ధిలో మిగిలిన క్రోమియం కాలువలోకి పోతుంది. అందుకని ఆ నీటిలో మెగ్నీషియం ఆక్సైడు కలిపి క్రోమియాన్ని హైడ్రాక్సైడుగా పేర్చి, ఆమ్లంలో కరిగించి మళ్ళీ వాడుకునే పద్ధతి వచ్చింది. దానికి మెగ్నీషియం ఆక్సైడు ఎంత వేయాలి? మళ్ళీ ఇదే లెక్క. ఈసారి పరిమిత కారకం క్రోమియం కావాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల్లో రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. ఈ అధ్యాయం చెప్పే రోజున ఇలా చేసి చూపండి. రెండు గాజు పాత్రల్లో 2.5 గ్రాముల చొప్పున మైలుతుత్తం కరిగించండి, అంటే 0.01 మోల్. ఒకదానిలో 0.3 గ్రాముల తాజా సున్నం, రెండోదానిలో 1 గ్రాము వేసి కలియబెట్టండి. రెండింటిలోనూ గరుకు కాగితంతో రుద్దిన ఇనప మేకు ముంచండి. మైలుతుత్తం విషం కనుక చేతులు కడిగించండి. ఏ పాత్రలో మేకు ఎర్రబడింది, ఎందుకు ఎర్రబడింది, అందులో ఎంత సరుకు రావాలి అన్నది పిల్లల చేతే చెప్పించండి. ఆ తర్వాత, ఎర్రబడిన పాత్రలోని నీటిని పారబోసే ముందు ఇంకా ఎంత సున్నం కలపాలో లెక్క కట్టించండి. జవాబు 0.44 గ్రాములు. వేసేది మాత్రం కొంచెం ఎక్కువే వేయమనండి.